గోల్ఫ్ గ్రీన్లపై ఇసుక టాప్‌డ్రెసింగ్: ఏ ఇసుక, ఎంత మందం, ఏ కాలంలో?

ప్రశ్న: తూర్పుతీరం

ఉత్తరాంధ్ర తీరంలోని ఒక తొమ్మిది హోల్స్ గోల్ఫ్ క్లబ్బులో గ్రీన్ల (హోల్ చుట్టూ బంతిని దొర్లించే, పొట్టిగా కోసిన గడ్డి భాగాల) సంరక్షణ బాధ్యత ఈ మధ్యనే నా చేతికి వచ్చింది. ఉద్యానవన డిప్లొమా చదివాను, మామిడి తోటల్లోనూ నర్సరీల్లోనూ పనిచేశాను. కాని నాలుగైదు మిల్లీమీటర్ల ఎత్తున రోజూ కోసే గడ్డిని పెంచడం నాకు కొత్త. అనుభవజ్ఞులు దయచేసి సలహా ఇవ్వగలరు.

తొమ్మిది గ్రీన్లూ కలిపి సుమారు 4,000 చదరపు మీటర్లు ఉంటాయి. గడ్డి రకం టిఫ్‌డ్వార్ఫ్ అని క్లబ్బు దస్త్రాల్లో రాసి ఉంది. ప్రస్తుతం 4.5 మిల్లీమీటర్ల ఎత్తున కోస్తున్నాము. ఈ గ్రీన్లు కట్టినప్పుడు అడుగున కంకర గాని, నీళ్లు పోయే గొట్టాలు గాని వేయలేదు. దగ్గరలో దొరికిన ఎర్రమట్టినే ఎత్తుగా పోసి, చదును చేసి, పైన గడ్డి నాటారు. చాలా ఏళ్లపాటు ఇసుక, జల్లించిన ఎర్రమట్టి, చివికిన పశువుల ఎరువు సమపాళ్లలో కలిపి ఏడాదికి ఒకసారి చల్లేవారని పాత మాలీలు చెబుతున్నారు. ఆ ఎరువుతో పాటు తుంగ కూడా వస్తోందని కమిటీవారు ఆ పద్ధతి మాన్పించి, ఐదారేళ్లుగా వేసవిలో ఒకసారి, వానలు వెనకబట్టాక మరొకసారి వట్టి ఇసుకనే వేయిస్తున్నారు. వేసిన ప్రతిసారీ ఆరు మిల్లీమీటర్ల మందాన, ఆకు పూర్తిగా కప్పబడేటట్లు వేస్తారు. ఇసుక ఒక్కో ఏడాది ఒక్కో వ్యాపారి దగ్గర కొన్నారు కాబట్టి ఒకసారి సన్నది, ఒకసారి దొడ్డుది వచ్చింది.

ఇప్పుడు గ్రీను మీద అడుగు పెడితే మెత్తగా దిగబడుతోంది. వాన కురిసిన మర్నాడు కూడా పాదముద్రలు అలాగే ఉంటున్నాయి. శ్రావణ, భాద్రపదాల్లో గడ్డి పసుపుబారి పలచబడుతుంది, ఆ ఖాళీల్లో నాచు పడుతుంది. మొన్న ఆరో గ్రీనులో హోల్ కట్టర్‌తో ఒక ముద్ద పైకి తీసి నిలువునా కోసి చూశాను. పైన అయిదు మిల్లీమీటర్ల శుభ్రమైన ఇసుక, దాని కింద పన్నెండు మిల్లీమీటర్ల మందాన గోధుమరంగు పీచు, దాని కింద దొడ్డు ఇసుక, మళ్లీ పీచు, ఇలా మడత కాజా పొరల్లా ఉంది. ఎర్రమట్టి మొదలయ్యే చోటుకు కొంచెం పైన, సుమారు 65 మిల్లీమీటర్ల లోతులో, అంగుళంలో నాలుగో వంతు మందాన నల్లటి చార ఉంది. ముక్కు దగ్గర పెట్టుకుంటే కుళ్లిన కోడిగుడ్డు వాసన వచ్చింది. వేళ్లు ఆ చార దాటి ఒక్కటి కూడా కిందికి పోలేదు.

కమిటీలో ఇద్దరు పాత మిశ్రమానికే తిరిగి వెళదామంటున్నారు, మిగిలినవారు ఇసుక ఇంకా ఎక్కువ వేయాలంటున్నారు. టాప్‌డ్రెసింగ్, అంటే గడ్డి పైన ఇసుక చల్లే పని, ఏ ఇసుకతో, ఎంత మందాన, ఎన్నాళ్లకొకసారి చేయాలి? ఇప్పటికే ఏర్పడిన ఈ పొరలను ఏం చేయాలి? గ్రీన్లన్నీ తవ్వి కొత్తగా కట్టే స్థోమత క్లబ్బుకు లేదని ముందుగానే మనవి చేస్తున్నాను.

జవాబు: గల్ఫ్‌గరిక

తూర్పుతీరం గారూ, నేను దుబాయిలో ఒక గోల్ఫ్ కోర్సులో చాలాకాలంగా గ్రీన్ల పని చూస్తున్నాను, మాది కరీంనగర్ జిల్లా. మీరు ముద్ద కోసి పొరలు కొలిచి రాయడం వల్ల జవాబు చెప్పడం తేలికైంది. చాలామంది పైన కనిపించే పసుపు రంగు చూసి ఎరువు ఏది వేయాలని మాత్రమే అడుగుతారు.

ఇసుక గడ్డికి ఆహారం కాదు. టిఫ్‌డ్వార్ఫ్ వంటి సంకర గరిక నేలను అంటుకుని పక్కలకు పాకుతూ, కాడల మీద కాడలు వేస్తూ పెరుగుతుంది. చచ్చిన కాడలు, వేళ్లు కుళ్లి మట్టిలో కలిసే వేగం కంటే కొత్తవి పుట్టే వేగం ఎక్కువైతే ఆ మిగులు పీచుపొరగా పేరుకుంటుంది. దాన్నే మేము థాచ్ అంటాము. ఆ పొర పుడుతున్నప్పుడే ఇసుక రేణువులు దాని మధ్యలోకి చేరుతూ ఉంటే, పీచుకూ పీచుకూ నడుమ గాలి ఆడుతుంది, నీరు దిగుతుంది, నేల గట్టిగా ఉంటుంది. ఆరు నెలలు పీచును పెరగనిచ్చి, ఆ తరువాత దాని నెత్తిన ఆరు మిల్లీమీటర్ల ఇసుక పోస్తే, కలవవలసిన రెండూ కలవకుండా ఒకదానిమీద ఒకటి పడుకుంటాయి. మీ ఆరో గ్రీనులో జరిగినది అదే. మీవారు ఏడాదికి వేసిన పన్నెండు మిల్లీమీటర్ల మొత్తం పెద్ద తప్పేమీ కాదు. రెండే విడతల్లో వేయడం, విడతకొక రకం వేయడం దెబ్బతీశాయి.

పొరలు నీటిని ఎందుకు ఆపుతాయో కమిటీకి చెప్పవలసి వస్తుంది కాబట్టి కొంచెం వివరిస్తాను. సన్నటి రంధ్రాలున్న పొర నీటిని గట్టిగా పట్టుకుంటుంది. దాని కింద పెద్ద రంధ్రాలున్న దొడ్డు ఇసుక ఉంటే, పైపొర పూర్తిగా తడిసి నిండితే తప్ప నీరు కిందికి దిగదు. అంటే కింద దొడ్డు ఇసుక ఉంది కదా, నీరు త్వరగా పోతుందనే ఊహ తలకిందులవుతుంది. మీకు పీచు ఒకసారి, దొడ్డు ఇసుక ఒకసారి, మళ్లీ పీచు వచ్చాయి కనుక ప్రతి పీచుపొరా వానాకాలమంతా నీళ్లు పట్టుకుని కూర్చుంటుంది. గాలి అందని ఆ చోట సూక్ష్మజీవులు గంధక సమ్మేళనాల నుంచి హైడ్రోజన్ సల్ఫైడ్‌ను పుట్టిస్తాయి. మీకు వచ్చిన వాసన దానిదే. అది ఇనుముతో కలిస్తే నల్లటి ఐరన్ సల్ఫైడ్ అవుతుంది, ఎర్రమట్టిలో ఇనుముకు కొదవ లేదు. ఆ వాయువు వేళ్లకు విషం.

ఇక పరిహారం. మొదట రంధ్రాలు వేయాలి. గొట్టంలాంటి బోలు మొనలతో నేలను గుచ్చి ముద్దలు పైకి తీసే కోరింగ్ యంత్రం మీ దగ్గర లేకపోతే పెద్ద క్లబ్బుల దగ్గర అద్దెకు అడగండి. పన్నెండు మిల్లీమీటర్ల బోలు మొనలు, అటూ ఇటూ 50 మిల్లీమీటర్ల దూరంలో వేస్తే చదరపు మీటరుకు 400 రంధ్రాలు పడతాయి, గ్రీను ఉపరితలంలో నాలుగున్నర శాతం మేర పాత సరుకు బయటికి వస్తుంది. లోతు కనీసం 100 మిల్లీమీటర్లు ఉండాలి. మీ నల్లచార 65 దగ్గర ఉంది కాబట్టి అంతకు తక్కువైతే శ్రమ వృథా. పైకి వచ్చిన ముద్దలను ఊడ్చి బయట పారవేయండి, వాటినే చిదిమి మళ్లీ లోపలికి తోయవద్దు. ఆ రంధ్రాలను పూర్తిగా, పైదాకా, పొడి ఇసుకతో నింపాలి. చదరపు మీటరుకు నాలుగున్నర లీటర్ల ఇసుక ఖాళీలకే పోతుంది. మీ మొత్తం విస్తీర్ణానికి 18 ఘనపు మీటర్లు, బరువులో దాదాపు 29 టన్నులు. ఈ పని గరిక బాగా పెరిగే వేడిలోనే చేయాలి. మీ తీరంలో ఏప్రిల్ చివర నుంచి మే వరకు, నీటి వసతి ఉన్నంత మేర అనువైన కాలం. చలికాలంలో రంధ్రాలు వేస్తే అవి పూడక, ఆటగాళ్లు మీ ప్రాణం తీస్తారు.

ఒక్కసారితో పొరలు మాయం కావు. వచ్చే రెండు మూడేళ్లు ఏటా ఇలా వేసుకుంటూ పోతే, ఒక రంధ్రం కాకపోతే ఇంకొక రంధ్రం గుండా నీరు, వేరు కిందికి దారి చేసుకుంటాయి.

ఆ తరువాత నిత్యం చేయవలసిన టాప్‌డ్రెసింగ్ గురించి. ఒక చదరపు మీటరు మీద ఒక లీటరు ఇసుక వేస్తే ఒక మిల్లీమీటరు మందం అవుతుంది, ఈ ఒక్క లెక్క గుర్తుంటే చాలు. గడ్డి జోరుగా పెరిగే నెలల్లో వారం పది రోజులకొకసారి 0.2 నుంచి 0.4 మిల్లీమీటర్ల మేర, దుమ్ము రాలినట్లు వేయండి. వేసి, కొబ్బరి పీచు పట్టా లాగి, నీళ్లు పెట్టిన తరువాత ఇసుక ఎక్కడుందో వెతుక్కోవాలి. తెల్లగా కనబడుతున్నదంటే ఎక్కువ పడిందని అర్థం. మీ 4,000 చదరపు మీటర్లకు 0.3 మిల్లీమీటర్లంటే 1.2 ఘనపు మీటర్లు, రెండు టన్నులకు కాస్త తక్కువ. ఒక ట్రాక్టరు లోడుతో ఒక విడత అయిపోతుంది.

ఎన్నాళ్లకొకసారి అనేది క్యాలెండరు కాదు, గడ్డి చెప్పాలి. రోజూ మోయర్ (గడ్డి కోసే యంత్రం) బుట్టలో పడిన కోతను ఒక లీటరు గుర్తులున్న బకెట్‌లో, అదమకుండా పోసి కొలిపించండి. గ్రీను వారీగా మాలీలు ఒక పుస్తకంలో రాస్తే చాలు. కోత రెట్టింపైన వారం ఇసుకా పెరగాలి, కోత సగానికి పడిపోయిన వారం ఇసుక మానేయాలి. వానాకాలంలో మబ్బు పట్టి ఎండ తగ్గినప్పుడు గరిక పెరుగుదల మందగిస్తుంది. అప్పుడు తేదీ వచ్చిందని ఇసుక వేస్తే ఆకు నలిగి, ఊపిరాడక, మీరు చెప్పిన పసుపే మిగులుతుంది.

అసలు కోత ఎందుకు అంత వస్తోందో కూడా చూడాలి. మీ క్లబ్బు యూరియా ఎంత వేస్తోందో మీరు రాయలేదు. ఎక్కువ నత్రజని వేసి పీచును పెంచడం, ఆ పీచును పలచన చేయడానికి ఇసుక కొనడం రెండు చేతులా ఖర్చు. చదరపు మీటరుకు ఒక గ్రాము నత్రజని, అంటే యూరియా 2.2 గ్రాములు, మీ మొత్తానికి తొమ్మిది కిలోలకు కాస్త తక్కువ. పెరిగే కాలంలో పది పదిహేను రోజులకొకసారి ఈ మోతాదుతో మొదలుపెట్టి, బకెట్ కొలతను బట్టి తగ్గించుకుంటూ రండి.

జవాబు: మైదానంమనిషి

పై సమాధానంలో చాలావరకు ఏకీభవిస్తాను గాని, ఒక విషయంలో భేదిస్తాను. నేను రాయలసీమలో క్రికెట్, ఫుట్‌బాల్ మైదానాల పని చేయిస్తుంటాను. ఇసుక వేయడం ఒక ఫ్యాషన్‌గా మారింది. ఎర్రమట్టి గ్రీను అంటే నాసిరకం గ్రీను అనే అభిప్రాయం సరి కాదు. పాత మిశ్రమంలో దోషం మట్టిది కాదు, సరిగా చివకని పశువుల ఎరువుది. తుంగ గడ్డలు, గింజలు దానితోనే వస్తాయి. ఎరువు తీసివేసి, అదే ఎర్రమట్టిని సన్నగా జల్లించి, సగానికి పైగా ఇసుక కలిపి, పలచగా వేస్తూ ఉన్నట్లయితే ఈ పొరల గొడవే వచ్చేది కాదు. పైన వేసేది కింద ఉన్నదానికి దగ్గరి బంధువై ఉండాలన్నది ఆటమైదానాల్లో అన్నిటికంటె పాత సూత్రం.

క్రికెట్ పిచ్ విషయంలో ఇది ఇంకా ఖచ్చితం. నల్లరేగడితో కట్టిన పిచ్‌ను ఆటల సీజన్ అయ్యాక అదే నల్లరేగడితో, వీలైతే అదే కుప్పలో దాచిన మట్టితో బాగుచేయాలి. దాని మీద ఇసుక పడితే రోలర్ ఎంత తిప్పినా ఆ రెండు పొరలూ అతుక్కోవు, బంతి ఒకచోట లేచి ఒకచోట జారుతుంది. అదే మైదానంలో పిచ్ చుట్టూ ఉన్న ఔట్‌ఫీల్డుకు మాత్రం ఇసుక కావాలి. బెంగళూరు చిన్నస్వామి స్టేడియంలో 2017లో వాడకంలోకి వచ్చిన సబ్‌ఎయిర్ యంత్రాలు కింది గొట్టాల ద్వారా నీటిని పీల్చివేయగలుగుతున్నాయంటే, అక్కడి ఔట్‌ఫీల్డును ముందే ఇసుకతో తిరిగి నిర్మించడమే కారణం. బంకమట్టి మీద ఆ యంత్రాలు పెడితే కరెంటు బిల్లు తప్ప ఏమీ రాదు.

కనుక తూర్పుతీరం గారు ఒక నిర్ణయం తీసుకోవాలి. ఇసుక దారిలో వెళితే ఇక వెనక్కి తిరగకూడదు. డబ్బు లేని ఏడాది మానేసి, ఉన్న ఏడాది రెట్టింపు వేద్దామంటే కుదరదు. క్లబ్బు ఆర్థిక స్థితి అందుకు సరిపోతుందా అని ముందు ఆలోచించమని నా మనవి.

జవాబు: గల్ఫ్‌గరిక

మైదానంమనిషి గారు చెప్పిన సూత్రం సత్యం. ఐదారేళ్ల కిందట ఈ ప్రశ్న వచ్చి ఉంటే నేనూ బహుశా ఆ మాటే చెప్పేవాడిని. ఇప్పుడు అక్కడ ఎర్రమట్టి మీద 65 మిల్లీమీటర్ల ఇసుక, పీచు చేరి ఉన్నాయి. దాని నెత్తిన మళ్లీ మట్టి మిశ్రమం వేస్తే, మట్టిలోని బంక, మెత్తని రేణువులు ఇసుక రంధ్రాలను పైనే మూసివేస్తాయి. ఉన్న పొరలకు ఇంకొక పొర, అదీ అన్నిటికంటె చెడ్డది, తోడవుతుంది. అందుచేత పాత మిశ్రమానికి తిరిగి వెళదామన్న ఆ ఇద్దరు కమిటీ సభ్యులకు మర్యాదగానే అయినా గట్టిగా వద్దని చెప్పండి. "వెనక్కి తిరగకూడదు" అని ఆయన అన్నది మీకు ఇప్పటికే వర్తిస్తోంది.

గ్రీనుకు ఇసుక వేయడం ఫ్యాషన్ అన్న మాటకు మాత్రం చిన్న సవరణ. స్కాట్లండ్‌లో 1865 నుంచి సెంట్ ఆండ్రూస్ గ్రీన్లు చూసిన ఓల్డ్ టామ్ మోరిస్ ఇసుక వేయించడంలో పేరుమోసినవాడు. అంతకు ముందు ప్రెస్ట్‌విక్‌లో ఉండగా పొరపాటున ఒలికిన ఇసుక కింద గడ్డి బాగా రావడం చూసి ఆయన ఈ పద్ధతి మొదలుపెట్టాడని ఒక కథ చెబుతారు. కథ నిజమో కాదో గాని, అలవాటు మాత్రం నూట యాభై ఏళ్లది.

ఇసుక ఎంపికలో ఒక్క హెచ్చరిక. మేము ఎడారిలో ఉండి కూడా గ్రీన్లకు ఇసుకను కొని, జల్లించి, కడిగించి తెచ్చుకుంటాము. గాలికి కొట్టుకొచ్చిన దిబ్బ ఇసుక మరీ సన్నం, పైగా ఉప్పు, సున్నం ఉంటాయి. మీకు సముద్రం పక్కనే ఉంది కదా అని తీరపు ఇసుకకు ఆశపడవద్దు. గవ్వల పొడి నేల పీహెచ్‌ను పెంచుతుంది, ఉప్పు సంగతి చెప్పనవసరం లేదు, తీరంలో ఇసుక తవ్వడానికి చట్టమూ ఒప్పుకోదు.

జవాబు: ఇసుకజల్లెడ

నేను ఇంజనీరింగ్ కళాశాలలో సివిల్ ప్రయోగశాల చూసుకుంటాను. గోల్ఫ్ ఎప్పుడూ ఆడలేదు, కాని ఇసుక నా రోజువారీ పని కాబట్టి ఆ భాగం వరకు చెబుతాను.

అమెరికా గోల్ఫ్ సంఘం 1960లో మొదట ప్రచురించి, తరువాత పలుమార్లు సవరించిన గ్రీన్ల నిర్మాణ ప్రమాణాల్లో ఇసుకకు హద్దులున్నాయి. వేర్లుండే పొరలో కనీసం 60 శాతం రేణువులు పావు మిల్లీమీటరుకు, ఒక మిల్లీమీటరుకు నడుమ ఉండాలి. ఒక మిల్లీమీటరు దాటినవి 10 శాతానికి మించరాదు. 0.15 కంటే చిన్నవి, అంటే అతిసన్న ఇసుక, ఒండ్రు, బంక మూడూ కలిపి 10 శాతం లోపే ఉండాలి. టాప్‌డ్రెసింగ్‌కూ ఈ హద్దులే మంచి ఆధారం.

మన దేశంలో కాంక్రీటు కోసం ఐఎస్ 383 అనే భారతీయ ప్రమాణం ప్రకారం ఇసుకను నాలుగు జోన్లుగా విభజిస్తాము. వ్యాపారులు "మంచి ఇసుక" అని అమ్మేది సాధారణంగా జోన్ 2. కాంక్రీటుకు అది శ్రేష్ఠం, మీకు పనికిరాదు. అందులో 600 మైక్రాన్ల (0.6 మిల్లీమీటర్ల) జల్లెడ దాటేది 35 నుంచి 59 శాతమే, మిగిలినదంతా దొడ్డుది. మీరు అడగవలసింది జోన్ 3. అందులో 60 నుంచి 79 శాతం 600 మైక్రాన్లు దాటుతుంది, 300 మైక్రాన్లు దాటేది 12 నుంచి 40 శాతం, 150 దాటేది 10 శాతానికి మించదు. జోన్ 3 అనే ముద్ర ఉన్నంత మాత్రాన సరిపోతుందని కాదు. అన్వేషణ అక్కడ మొదలుపెట్టవచ్చు. గోడల ప్లాస్టరింగుకు వాడే నది ఇసుకలో అలాంటిది దొరుకుతుంది.

రోబో శాండ్ గురించి అడుగుతారు కాబట్టి ముందే చెబుతున్నాను. రాయిని పగలగొట్టి చేసిన ఆ ఇసుకలో రాతి పొడి ఎక్కువ. కడిగి అమ్మినా కొంత మిగులుతుంది, నీళ్లు పడగానే ఆ పొడి రంధ్రాల్లో దిగి గట్టిపడుతుంది. రేణువులకు అంచులు కూడా పదునుగా ఉంటాయి.

లోడు దింపుకునే ముందు అక్కడికక్కడే చేయదగిన పరీక్ష ఒకటుంది. లీటరు సీసాలో మూడో వంతు ఇసుక, మిగతా నీళ్లు పోసి, బాగా కుదిపి నిలబెట్టండి. ఇసుక రేణువులన్నీ నిమిషం లోపే అడుగుకు చేరతాయి. నిమిషం తరువాత పైనున్న నీరు టీ రంగులో, అడుగున ఉన్నది కనబడనంత చిక్కగా ఉంటే ఆ లారీని వెనక్కి పంపండి. గవ్వపొడి అనుమానం ఉంటే పలచని హైడ్రోక్లోరిక్ ఆమ్లం నాలుగు బొట్లు వేసి నురగ వస్తుందేమో చూడండి. అసలైన జల్లెడ పరీక్షకు మాత్రం ఏ సివిల్ ప్రయోగశాలకైనా రెండు కిలోల ఎండు ఇసుక ఇస్తే చాలు. లారీ పై భాగం నుంచి ఒక్కచోట తీసింది కాకుండా కుప్పలో నాలుగైదు చోట్ల లోపలి నుంచి తీసి కలిపినది ఇవ్వాలి. కుప్ప పోసినప్పుడు దొడ్డువి అంచులకు దొర్లిపోతాయి.

తూర్పుతీరం

అందరికీ కృతజ్ఞతలు. మూడు నమూనాలు పరీక్ష చేయించాను. మొదటిది క్లబ్బు ఇప్పటివరకు కొన్న నది ఇసుక: 1.18 మిల్లీమీటర్ల జల్లెడ దాటింది 70 శాతం, 600 మైక్రాన్లు 45, 300 మైక్రాన్లు 14, 150 మైక్రాన్లు 3. రెండవది ప్లాస్టరింగు నది ఇసుక: వరుసగా 93, 71, 22, 5. మూడవది రోబో శాండ్: 150 మైక్రాన్ల జల్లెడనే 17 శాతం దాటిపోయింది. యూరియా గురించి విచారించాను. వానలకు ముందు, వానల్లో కూడా, "పచ్చగా కనబడాలి" అని అడిగినప్పుడల్లా గుప్పిళ్లతో చల్లేవారట, తూకం లేదు. ఇక నా సందేహం ఒకటే: రెండవ ఇసుక తీసుకుంటే, ఇప్పటికే ఉన్న దొడ్డు ఇసుక మీద సన్న ఇసుక పడి మళ్లీ పొర కాదా?

జవాబు: ఇసుకజల్లెడ

రెండవ నమూనాలో 1.18కి, 300 మైక్రాన్లకు నడుమ 71 శాతం ఉంది, 150 కంటే సన్నది 5 శాతమే. మూడింటిలో అదే తీసుకోదగినది. మీ మాలీలు దాన్ని రెండు మిల్లీమీటర్ల జల్లెడలో ఒకసారి పోస్తే మిగిలిన గులకరాళ్లు కూడా పోతాయి. మొదటిదానిలో 30 శాతం 1.18 కంటే పెద్దదే. అవి థాచ్‌లోకి దిగవు, పైనే దొర్లుతూ ఉంటాయి. నది ఒకటే అయినా ఇసుక రేవు మారితే గుణం మారుతుంది. కాబట్టి ఏ రేవుదో రాసి పెట్టుకుని, ప్రతి సీజన్‌లో కొత్త లోడును పరీక్షించండి.

జవాబు: గల్ఫ్‌గరిక

మీ సందేహం సరైనదే. పొర అవుతుంది, రంధ్రాలు వేయకుండా ఉంటే. అందుకే క్రమం ముఖ్యం: ముందు కోరింగ్, ఆ రంధ్రాలు రెండవ ఇసుకతోనే నింపడం, ఆ తరువాతే పలుచని విడతలు. రంధ్రాల్లోనూ పైనా ఒకే ఇసుక ఉంటే, పై ఇసుక నుంచి కింది ఎర్రమట్టి దాకా ఎక్కడా తెగని స్తంభాలు ఏర్పడతాయి. నీరు పక్కనున్న పొరలతో పనిలేకుండా ఆ స్తంభాల గుండా దిగుతుంది. అడుగున గొట్టాలు లేవు కాబట్టి దిగిన నీరు పూర్తిగా బయటికి పోదు. అయినా వేరుండే చోటు నుంచి కిందికి పోవడమే మీకు లాభం. గ్రీను అంచున పల్లం వైపు ఒక సన్నని కందకం తవ్వి, చిల్లుల గొట్టం వేసి, కంకరతో నింపితే ఆ కాస్త కూడా తీరుతుంది. తొమ్మిదింటికీ ఒకేసారి కాకపోయినా, అన్నిటికంటె తడిగా ఉండే రెండింటికి ఈ ఏడాది చేయించండి.

యూరియా సంగతి విన్నాక మీ పన్నెండు మిల్లీమీటర్ల పీచు ఎక్కడిదో తెలిసిపోయింది. వానాకాలంలో నత్రజని బాగా తగ్గించండి, కోత ఎత్తును 4.5 నుంచి 5.5కో, ఆరుకో పెంచండి. ఎండ తక్కువైన రోజుల్లో ఆకు కాస్త ఎక్కువ ఉంటేనే మొక్క బతకడానికి సరిపడా ఆహారం తయారవుతుంది. పొట్టిగా కోసి, నీళ్లలో నానిన గరికకే వేరుతెగుళ్లు పట్టుకుంటాయి. మందు కొట్టేముందు మోయర్ ఎత్తు పెంచి చూడమని నేను అందరికీ చెబుతాను. బంతి వేగం తగ్గిందని ఆటగాళ్లు సణుగుతారు, సణగనివ్వండి.

వచ్చే ఏడాది ఇదే నెలలో, అదే గ్రీనులో మళ్లీ ముద్ద తీయండి. పై రెండు సెంటీమీటర్లు, ఆ కింది రెండు, ఆ కింది రెండు విడివిడిగా కోసి, ఒక్కొక్క భాగాన్ని ఎండబెట్టి, ప్రయోగశాలలో కాల్పించి, కాలిపోయిన సేంద్రియ పదార్థం ఎంత శాతమో తూకం వేయించండి. అంకె తనంతట తాను మంచిదో చెడ్డదో కాదు. ఈ ఏటి మీద వచ్చే ఏడు పై భాగంలో పెరిగితే ఇసుక చాలలేదనో, నత్రజని ఎక్కువైందనో అర్థం. తగ్గితే ఇసుక కొనుగోలు తగ్గించుకోవచ్చు.

జవాబు: మైదానంమనిషి

ప్లాస్టరింగు ఇసుకకే నా ఓటు కూడా. ఒక మాట మాత్రం కలుపుతాను: మొత్తం ఏడాదికి సరిపడే ఇసుకను మే నెలాఖరులోగా కొని, రేకుల షెడ్డులో గాని, టార్పాలిన్ కింద సిమెంటు నేల మీద గాని నిల్వ చేయండి. వానల్లో రేవులు మూసివేస్తారు, దొరికినది తడిగా ఉంటుంది. తడి ఇసుక చల్లితే గడ్డలుగా పడుతుంది, ఎంత పట్టా లాగినా ఆకుల నడుమకు దిగదు. మట్టి నేల మీద కుప్ప పోస్తే అడుగున తుంగ మొలిచి, ఆ గడ్డలన్నీ మళ్లీ గ్రీను మీదికే చేరతాయి.

జవాబు: రీల్‌రిపేరు

మోయర్లు బాగుచేసేవాడిగా చిన్న చేర్పు. ఇసుక వేసేది కోత అయ్యాక, ఆకు పూర్తిగా పొడిగా ఉన్న మధ్యాహ్నం పూట. వేసి, పట్టా లాగి, సాయంత్రం నీళ్లు పెట్టి, మర్నాడు ఉదయం కోతకు సానపట్టిన మంచి రీలును (మోయర్‌లో తిరుగుతూ గడ్డిని కోసే బ్లేడ్ల చుట్టను) పంపవద్దు; పాత రీలు ఒకటి ఇందుకోసం పక్కన ఉంచుకోండి. ఒక్క మిల్లీమీటరు దాటిన గింజ రీలుకూ అడుగు బ్లేడుకూ మధ్య పడితే గాటు పడుతుంది, ఆ గాటు ఉన్నంత మేర గ్రీను మీద కోయని గీత మిగులుతుంది, ఆ కొసలు రెండు రోజుల్లో తెల్లబడతాయి. మీ పాత ఇసుకలో మూడో వంతు దాదాపు అలాంటి గింజలేనని చదివాక, మీ బ్లేడ్ల పరిస్థితి ఊహించుకున్నాను. రీలు చేత్తో తిప్పుతూ పలచని కాగితం ముక్కను బ్లేడు పొడవునా అక్కడక్కడ పెట్టి చూడండి. ఎక్కడ తెగకుండా మడత పడిందో అక్కడ సుద్దతో గుర్తు పెట్టి, కోరింగ్ పని మొదలుకాక ముందే సానకు పంపండి.